కడుపు పిండే సూది

"మొగోడికి కాన్పు సూది ఏసి సంపినాది. దీంట్లో నువ్వు తవ్వేదేముండాది, జియావుల్లా సాబూ?"

ఇన్‌స్పెక్టర్ ఓబులేసు ఆ మాట అని, ఆసుపత్రి వరండాలో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో కూర్చున్నాడు. నేను నిలబడే ఉన్నాను. ఒకప్పుడు ఇతను నా కింద హెడ్డు కానిస్టేబులు. నేను కూర్చోమంటే తప్ప కూర్చునేవాడు కాదు. తర్వాత నా పోలీసు ఉద్యోగం ఊడింది, నేను ప్రైవేటు డిటెక్టివ్‌నయ్యాను, అతని భుజం మీద నక్షత్రాలు పెరిగాయి. ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి. దానికి నాకు ఏడుపేమీ లేదు. కానీ పుట్టుకతోనే ఓడనని బండి అనుకుంటే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది.

"తవ్వితే నీదేం పోయిందప్పా? నీళ్ళు పడితే అందరం తాగుదాం," అన్నాను.

"అయిదు గంటల బస్సుకు ఆ నర్సును కడపకు తీస్కపోతాండా. ఆ లోపల నీ గారడీ ఏందో చేస్కో."

ఆ నర్సు పేరు రత్నమ్మ. వరండా చివర బెంచీ మీద, కానిస్టేబులు పక్కన, ఒళ్ళో చేతులు పెట్టుకొని కూర్చుని ఉంది. పాతికేళ్ళుంటాయి. జమ్మలమడుగులో బడిపంతులు ఆనందయ్య కూతురు. నిన్న ఆ పంతులు ప్రొద్దుటూరులో నా గది వెతుక్కుంటూ వచ్చాడు. ఏడవలేదు, బతిమాలలేదు. "మా పాప తప్పు చేసింటే శిక్ష పడనీ సార్. చేసిందో లేదో ఒక్కరన్నా చూడాల గదా," అన్నాడు. ఆ మాట నన్ను పట్టుకుంది. రాత్రంతా వదల్లేదు.

జరిగింది ఇది. పులివెందులలో నూనె మిల్లు నడిపే ఖలందర్ అనే నలభై ఏళ్ళ మనిషి సోమవారం మధ్యాహ్నం భళ్ళున రక్తం కక్కుకున్నాడు. తల్లి మహబూబ్‌బీ, తమ్ముడు హుమాయున్ అతన్ని జీపులో వేసుకొని ప్రొద్దుటూరుకు, డాక్టరు శుభాకర్ నడిపే ఈ చిన్న ఆసుపత్రికి తెచ్చారు. సాయంత్రం ఒక మందు ఎక్కిస్తే రక్తం ఆగింది. రాత్రి అదే మందు రెండోసారి ఎక్కించారు. తెల్లవారేసరికి మళ్ళీ కక్కుకుని చనిపోయాడు. అది ఆడవాళ్ళకు కాన్పయ్యాక వేసే సూదిమందని ఊరంతా పొక్కింది. జనం వచ్చి ఆసుపత్రి అద్దాలు పగలగొట్టారు. నర్సు ఒక మందుకు బదులు ఇంకో మందు తీసి వేసిందని హుమాయున్ ఫిర్యాదు, దాని మీద ఓబులేసు కేసు. హత్యా, నిర్లక్ష్యమా అన్నది తర్వాత చూసుకోవచ్చట. ముందు జైల్లో పెట్టాలి.

ముందు డాక్టరు గదిలోకి వెళ్ళాను. ఓబులేసు నా వెనకాలే వచ్చాడు. శుభాకర్ మూడు రోజులుగా గడ్డం గీసుకోలేదు. మూలకు ఊడ్చిన గాజుపెంకులు ఇంకా ఎత్తిపోయలేదు.

"ఆ మందు ఎవరు వేయమన్నారు డాక్టరుగారూ?"

"రత్నమ్మ... ఆ రాత్రి డ్యూటీలో..."

"ఎవరు వేశారని కాదు. ఎవరు వేయమన్నారు?"

అతను ఓబులేసు వంక చూశాడు, పగిలిన కిటికీ వంక చూశాడు. "జనం కత్తులు పట్టుకుని వచ్చారండీ. నాకు చిన్నపిల్లలున్నారు."

"ఆ అమ్మాయి కూడా ఒకరికి చిన్నపిల్లే."

"నేనే వేయమన్నాను," అన్నాడు చివరికి, బల్ల వైపు చూస్తూ.

ఈ ముక్క బయటికి రావడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ ఒక అమాయకురాలు కానిస్టేబులు పక్కన కూర్చుంది. నాకు అతని చెంప పగలగొట్టాలనిపించింది. కానీ చెంప పగిలితే నోరు మూసుకుంటుంది, నాకు ఆ నోటితో ఇంకా పని ఉంది.

"మరి మొగమనిషికి కాన్పు మందెందుకు?" అని ఓబులేసు గద్దించాడు.

డాక్టరు ఇప్పుడు కాస్త ధైర్యంగా మాట్లాడాడు. తెలిసిన విషయం కదా. "ఖలందర్‌కు కాలేయం గట్టిపడింది. తాగుడు లేదు, ఎప్పుడో వచ్చిన కామెర్లు లోపల్లోపల తినేశాయి. కాలేయంలోంచి పోవలసిన రక్తానికి దారి లేక అన్నం దిగే గొట్టం అడుగున నరాల్లోకి ఎదురుతన్నుతుంది. అవి ఉబ్బి పగులుతాయి. కోసి సరిచేయాలంటే మద్రాసో వెల్లూరో పోవాలి. రైలు స్టేషను దాకా కూడా బతికే మనిషి కాదు. కోత లేకుండా మందుతోనే ఆపాలి. పిట్యూట్రిన్ అని ఆ మందు. కాన్పు తర్వాత గర్భసంచిని బిగించేది అదే. పేగులకు పోయే రక్తనాళాల్ని కూడా బిగిస్తుంది. అటు రక్తం తగ్గితే ఉబ్బిన నరాల్లో ఒత్తిడి తగ్గుతుంది, పగులు మూసుకుంటుంది. పై దేశాల్లో మూడు నాలుగేళ్ళుగా ఇస్తున్నారు. గ్లూకోజు సీసాలో కలిపి ఇరవై నిమిషాల్లో ఎక్కించాలి. కొన్ని గంటలాగి మళ్ళీ ఇవ్వాలి."

"మొదటిసారి మీ ముందరే ఎక్కించారా?"

"నా ముందరే. ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వచ్చింది, విరేచనమైంది. ఆ మందు తత్వమే అంత. అట్లా కాకపోతేనే భయపడాలి. గంటలో వాంతి నిలిచిపోయింది, నాడి కుదురుకుంది. బతుకుతాడనే అనుకున్నాను."

"రెండోసారి?"

"నేను భోజనానికి ఇంటికి వెళ్ళాను."

"అట్లా కాకపోతేనే భయపడాలి" అన్న మాట పట్టుకొని నేను వరండాలోకి నడిచాను. రత్నమ్మ నన్ను చూసి లేచి నిలబడింది.

"కూసో పాపా. రెండో సీసా ఎక్కించేటప్పుడు ఆయన మొహం తెల్లబడిందా?"

ఆమె కళ్ళు మూసుకొని గుర్తు తెచ్చుకుంది. "లేదు సార్."

"కడుపు నొప్పి?"

"లేదు. హాయిగా నిద్రపోయినాడు. తల్లిగూడా శానా సంతోషపడె. నేనేమో మందుకు ఒళ్ళు అలవాటు పడిందేమో అనుకొంటి..." మాట మధ్యలో ఆగిపోయింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "సార్, మందు పడలేదా?"

"అదే చూద్దాం పా. ఆ రాత్రి ఎట్ల చేసినావో అట్ల చేసి చూపీ."

ఖలందర్ పడుకున్న గదిలో ఇనుప మంచం, బల్ల, సీసా వేలాడదీసే కొయ్యస్తంభం, గోడలో ఒక గూడు, అంతే. రత్నమ్మ అల్మరాలోంచి రెండు గ్లూకోజు సీసాలు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఒకటి మందు కలపడానికి, రెండోది అది అయిపోయాక నిదానంగా ఎక్కించడానికి.

"ఈ రబ్బరు మూతలోంచి సూదితో మందు లోపలికి ఎక్కిస్తా సార్. ఎక్కించినాక రెండూ ఒకే మాదిరి నీళ్ళలెక్క ఉంటాయి. అందుకని మందు సీసా మెడకు ఎర్రదారం కడతా." కట్టి చూపించింది. ఒక కొస పట్టి లాగితే ఊడిపోయే జారుముడి అది. "కట్టి, రబ్బరు గొట్టం ఉడకబెట్టేదానికి వెనకరూముకు పోతి."

"అప్పుడు ఈ గదిలో ఎవరుండారు?"

"తల్లి మంచం కాడ కూసోనుండె. చుట్టాలు వస్తాండిరి, పోతాండిరి. కడుపు కడిగేదానికి ఐసునీళ్ళు కావాలని డాక్టరుగారు చెప్తే హుమాయున్ ఐసుగడ్డకు పోయిండె. నేను వచ్చి దారముండే సీసా చూసి ఎక్కిస్తి."

"రెండో సీసా?"

"చూస్తే బల్ల మీద లేదు. ఆయా తీసిందేమో అనుకొని అల్మరాలోంచి ఇంకోటి తెస్తి."

నేను ఓబులేసు వైపు తిరిగాను. "ఆ పొద్దు ఎక్కించిన సీసా నీ దగ్గరుంది గదా. ఒకసారి చూపీ."

"సీలు ఏసినా. కోర్టులో చూస్కో."

"సీలు మైనంతో ఏస్తారప్పా, కళ్ళకు కాదు. చూస్తే నీ కేసు అరిగిపోతాదా?"

ఏమనుకున్నాడో, కానిస్టేబులు చేత పెట్టె తెప్పించాడు. సీసా ఖాళీ అయింది గానీ అడుగున రెండు మూడు చుక్కలున్నాయి. మెడకు ఎర్రదారం ఉంది. నేను ముడి దగ్గర వేలు పెట్టాను. దారం రెండు చుట్లు చుట్టి, బిగించి, ముడి మీద ముడి వేసి ఉంది. లాగినా రాదు, గోటితో గీకినా రాదు. కత్తెరతో కోయవలసిందే.

"ఇది నేను కట్టింది కాదు సార్," అంది రత్నమ్మ.

"ఎవురు కట్టింటే ఏంలే, దారం దారమే," అన్నాడు ఓబులేసు.

అతనితో వాదిస్తే పొద్దు గూకుతుందని గది వెతకడం మొదలుపెట్టాను. మంచం కింద లేదు, కిటికీ వెనక లేదు. గోడ గూట్లో మడతపెట్టిన కంబళ్ళున్నాయి. వాటిని లాగితే వెనక చల్లగా గాజు తగిలింది. నిండు సీసా. మెడకు దారం లేదు. వెలుతురుకు పట్టి చూస్తే రబ్బరు మూత మధ్యలో సూది పొడిచిన సన్నని బెజ్జం కనిపించింది.

"ఎక్కించని సీసాకు పోటెందుకు పడిందప్పా?" అన్నాను.

ఓబులేసు సీసా లాక్కుని తనూ వెలుతురుకు పట్టి చూశాడు.

డాక్టరును పిలిచి అడిగాను, ఏ సీసాలో మందుందో ఇక్కడికిక్కడ తెలిసే దారి ఉందా అని. అతను కొంచెం ఆలోచించాడు. "చర్మం కింద ఒక చుక్క వేస్తే తెలుస్తుంది. ఆ మందు సన్న నాళాల్ని మూసేస్తుంది కాబట్టి వేసినచోట తెల్లబడుతుంది. కానీ ఇవి మూడు రోజుల సీసాలు. చీము పట్టవచ్చు."

"పట్టనీ," అని చొక్కా చేతులు మడిచాను.

సీలు వేసిన సీసాలోని చుక్కను డాక్టరు నా ఎడమచేతికి, గూట్లో దొరికిన సీసాలోది కుడిచేతికి వేశాడు. నలుగురం నా చేతుల వైపు చూస్తూ నిలబడ్డాం. ఇంతలో తలుపు దగ్గర నీడ పడింది. తలకు తెల్లటోపీ, ఎర్రబడ్డ కళ్ళు. హుమాయున్. అన్న మూడోనాటి జియారత్ ప్రార్థనలు ముగించుకొని, ఇక్కడ మిగిలిపోయిన పరుపూ గిన్నెలూ తీసుకుపోవడానికి తల్లితో పాటు వచ్చాడు. నేనతన్ని లోపలికి రమ్మని సైగ చేశాను. దాచి చేసే పని కాదు కదా.

ఎడమచేతి మీద చిన్న బొబ్బలాగా లేచి అణిగిపోయింది. కుడిచేతి మీద నయాపైసంత మేర సున్నపు బొట్టు పెట్టినట్టు తెల్లబడింది.

"ఇదంతా కనికట్టు. నీ చర్మమే అట్లాంటిదేమో," అన్నాడు ఓబులేసు.

"అయితే నీది పెట్టు."

పౌరుషానికి పోయి పెట్టాడు. పోలీసు చర్మం కూడా అబద్ధం చెప్పలేదు. కాసేపు దాన్ని బొటనవేలితో రుద్దుకున్నాడు. రుద్దితే పోయేది కాదది.

"ఇప్పుడు విను ఓబులేసూ," అన్నాను. హుమాయున్‌కు కూడా వినబడాలని గట్టిగానే అన్నాను. "సాయంత్రం మందు పడింది, రక్తం ఆగింది. రాత్రి పడింది ఉత్త గ్లూకోజు. రత్నమ్మ వెనకరూములో ఉన్నప్పుడు ఎవరో దారం విప్పి పక్క సీసాకు కట్టి, మందు సీసాను గూట్లో దాచినారు. మందు పడకపోవడంతో తెల్లారేసరికి రక్తం మళ్ళీ ఎగదన్నింది. ఖలందర్‌ను చంపింది కాన్పు సూది కాదు. ఆ సూది పడకపోవడం."

హుమాయున్ గోడకు ఆనుకున్నాడు. "అంటే ఆ సూది... మాయన్నను బతికించే సూదా?"

"బతికించే అవకాశం ఉన్న సూది," అన్నాడు డాక్టరు.

"ఎవురు మార్చింది? పేరు సెప్పు సారూ. ఈ పొద్దు వాడి పేగులు తీస్తా," అని హుమాయున్ నా చొక్కా పట్టుకున్నాడు.

"ఇంకెవురు? ఈ నర్సే," అన్నాడు ఓబులేసు. ఒక కొమ్మ విరిగితే ఇంకో కొమ్మకు ఎగరడంలో అతనికి అతనే సాటి.

"ఆమే మార్చింటే ఆమె ముడే ఉండేది గదా. జారుముడి. డాక్టరుగారూ, ఈ ముడి చూడండి. ఇట్లా ఎవరు కడతారు?"

శుభాకర్ సీసా అందుకొని ముడిని తిప్పి తిప్పి చూశాడు. "రెండు చుట్లు, ముడి మీద ముడి. పల్లెల్లో కాన్పులు చేసేవాళ్ళు బొడ్డుపేగు కోసేముందు ఇట్లా కడతారు. ఊడితే బిడ్డ రక్తమంతా పోతుందని, ఊడకుండా..."

నా చొక్కా మీద హుమాయున్ పట్టు సడలింది. ఆ వేళ్ళు వదులయ్యేటప్పటికే నాకు అర్థమైపోయింది, అడగక్కర్లేదు. అయినా అడిగాను.

"మీ అమ్మ ఏం పని చేసేది హుమాయున్?"

జవాబు అతని వెనక నుంచి వచ్చింది.

"పులివెందుల్లో సగం ఊరు నా సేతుల మీద పడిందే నాయనా. ఎందుకు అడుగుతాండావు?"

మహబూబ్‌బీ గుమ్మంలో నిలబడి ఉంది. అరవై దాటిన మనిషి, తెల్లచీర, చేతిలో కొడుకు పరుపుచుట్ట. మొదట్నుంచీ వినలేదు, మా గొంతులు పెద్దవవుతుంటే వచ్చింది. మూడు రోజుల్లో ఈమెను ఎవరూ ఏమీ అడగలేదు. ఫిర్యాదు తమ్ముడు ఇచ్చాడు, సంతకం తమ్ముడు పెట్టాడు. కొడుకు పోయిన ముసలామెకు ఏం తెలుస్తుందిలే అనుకున్నారు అందరూ. నేనూ ఇప్పటిదాకా అలాగే అనుకున్నాను.

"రా ఖాలా, కూర్చో," అన్నాను. "ఆ రాత్రి ఇక్కడ నువ్వు చూసింది చెప్పు."

"అమ్మా, నువ్వు పోయి జట్కాలో కూసో," అన్నాడు హుమాయున్.

"గమ్మునుండురా. అడిగేవాడు ఇన్నాళ్ళకు ఒకడు వచ్చినాడు, సెప్పనీ." ఆమె మంచం మీద కూర్చుంది. కొడుకు పడుకున్న చోటు వదిలి, అంచున. "ఆ సూది నాకు తెలీదనుకుంటిరా? నా బిడ్డ జైనబ్‌కు నెలలు నిండకుండానే నొప్పులొస్తాంటే, బిన్నా, తొందరగా కాన్పు అయితాదని ఎవుడో సూదిమందోడు దాన్నే ఏసె. కడుపు పిండి పిండి లోపల్నే పగిలిపాయె. తల్లీబిడ్డా ఒకే గుంతలో పోయిరి. ఆ గాజుబుడ్డి, ఆ పెట్టె నేను మరిసిపోతానా?"

రత్నమ్మ అడుగు ముందుకు వేసింది. ముసలామె వేలు ఆమె వైపు చూపించింది.

"ఈ పిల్లను అడిగితి. ఏం సూదమ్మా అంటి. కడుపు పిండే సూది, రక్తం నిలుస్తాది అనె. నువ్వే సెప్పు నాయనా, మొగోడికి కడుపు యాడుంటాది? ఉండేది పేగులు. వాటిని పిండితే రక్తం నోట్లోకి రాక యాడికి పోతాది? సాయంత్రం ఏసినప్పుడు సూస్తి గదా. నా కొడుకు మొగం తెల్లగా పాయె. మోకాళ్ళు ముడ్సుకొని మూల్గె. అవి నొప్పులు నాయనా. ఇన్ని కాన్పులు సూసినదాన్ని, నొప్పులు నాకు తెలీవా? మొగబిడ్డకు నొప్పులు తెప్పించిరి."

కడుపు. నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను. మన భాషలో అన్నం పోయేదీ కడుపే, బిడ్డ పెరిగేదీ కడుపే. నర్సు ఒక కడుపు చెప్పింది, తల్లి ఇంకో కడుపు వినింది. రెండు కడుపుల మధ్య ఒక మనిషి పోయాడు.

"తర్వాత?" అన్నాను. అడగకూడదని తెలిసీ అడిగాను. నా వృత్తి అటువంటిది, తగలబడ.

"తర్వాతేముంది, రెండోది పడనీయలే." ఆమె గొంతులో గర్వం వినబడింది. "ఈ పిల్ల అట్ల పోతానే దారం ఇప్పి పక్క సీసాకు కడితి. ఆ మందుదాన్ని గూట్లో దాపెడితి. నా కొడుకు ఎంత సల్లగా నిద్రపోయినాడో ఈ పిల్లనే అడుగు. నా సెయ్యి పట్టుకొనే పండుకొనె. మొదటి సూదే లోపల పొడిసేసినాది, అది తెల్లారి తీస్కపాయె. రెండోది గూడా పడింటే ఆ నాలుగు గడియలు గూడా నాకు దక్కేటివి కావు. ఇదంతా రాసుకో నాయనా. ఈమెకు శిక్ష పడాల."

డాక్టరు తల దించుకున్నాడు. నేను చాలామంది హంతకుల్ని చూశాను. నేరం ఒప్పుకునేటప్పుడు ఏడ్చినవాళ్ళున్నారు, నవ్వినవాళ్ళున్నారు. ఇలా, బిడ్డను కాపాడుకున్నానని చెప్పిన మనిషిని చూడలేదు.

హుమాయున్ గోడ వైపు తిరిగి రెండు చేతులతో తల కొట్టుకున్నాడు. ఒక్క దెబ్బే, కానీ గది అదిరింది.

ముసలామె అతని వైపు చూసింది. తర్వాత డాక్టరు వైపు, తర్వాత గూటి వైపు, అక్కడ లాగేసిన కంబళ్ళ వైపు. బల్ల మీదున్న నిండు సీసాను చూసింది. నా కుడిచేతి మీద తెల్లమచ్చను కూడా చూసింది. అది ఏమిటో ఆమెకు తెలియదు, కానీ మా అందరి మొహాలు తెలుస్తున్నాయి. బిడ్డ అడ్డం తిరిగిందో లేదో తడిమి చూసి చెప్పే మనిషి. మొహాలు చదవడం ఆమెకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

"ఏందిరా హుమాయూ? ఎందుకట్ల కొట్టుకుంటివి?" అంది మెల్లగా. "నేను సేసింది తప్పా?"

ఆమె డాక్టరు వైపు తిరిగింది.

"ఏమప్పా డాక్టరూ. నువ్వు సదువుకున్నోడివి. ఆ సీసా పడింటే నా కొడుకు..." మిగతా మాట ఆమె నోట్లోంచి రాలేదు. పరుపుచుట్ట ఒళ్ళోంచి జారి కింద పడింది.

శుభాకర్ చేతిలోని సీసాను బల్ల మీద పెట్టి పక్కకు జరిగాడు. ఆమె నా వైపు చూసింది. పై అధికారి మొహం మీదే నిజం చెప్పి ఉద్యోగం పోగొట్టుకున్నవాణ్ణి నేను. నాలుక మెదపలేకపోయాను. ఈమెకు నిజం చెబితే రత్నమ్మ కేసులోంచి బయటపడుతుంది. ఈమె మాత్రం రేపటి పొద్దు చూడదు. ఆ మాట నేను ఎలా అనాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని వెతుక్కుంటున్నాను.

"లేదమ్మా."

రత్నమ్మ. నా పక్క నుంచి ముందుకు నడిచి ముసలామె ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఆ సీసా పడింటే ఇంకా బిన్నా పోయుండె. నువ్వు మంచిపనే సేసినావు. మొదటిదే తప్పు సూది. నేనే సూసుకోకుండా ఏసినా. నాదే తప్పు."

"రత్నమ్మా!" అని అరిచాను. "ఏం మాట్లాడుతాండావు నువ్వు?"

ఆమె నా వైపు చూడలేదు. మహబూబ్‌బీ చెయ్యెత్తింది. ఆ చెంప మీద కొట్టింది, ఇంకోసారి కొట్టింది, మూడోసారికి చెయ్యి లేవక ఆమె భుజం మీద పడి భోరుమంది. కొడుకు పోయిన ఈ మూడు రోజుల్లో ఆమె ఏడవడం ఇదే మొదలని హుమాయున్ తర్వాత నాకు చెప్పాడు.

నేను డాక్టరు చొక్కా పట్టుకున్నాను. "చెప్పు. ఇప్పుడన్నా నోరు తెరువు. మొదటి సూది వేయమన్నది నువ్వు. దాంతోనే రక్తం ఆగిందని చెప్పు!"

శుభాకర్ పగిలిన కిటికీ వైపు చూశాడు. హుమాయున్‌ను చూశాను. అతనికి అంతా తెలుసు. ఆ పిల్ల అబద్ధమాడుతోందని, ఎవరికోసం ఆడుతోందో కూడా తెలుసు. రెండు చేతులెత్తి నాకు దండం పెట్టాడు.

"విన్నావా సాబూ?" అన్నాడు ఓబులేసు. టోపీ సర్దుకున్నాడు. అతని చేతి మీద తెల్లమచ్చ ఇంకా పోలేదు.

"పోలీసు ముందర ఒప్పుకున్న మాట కోర్టులో చెల్లదు. అది నీకే నేను నేర్పినా," అన్నాను.

"నేర్పినావు. అందుకే అడుగుతాండా." అతను వంగి రత్నమ్మ మొహంలోకి చూశాడు. "ఏమ్మా, ఇదే మాట మేజిస్ట్రేటు ముందర గూడా సెప్తావా?"

రత్నమ్మ భుజం మీద తలపెట్టి ఆ ముసలామె వెక్కి వెక్కి ఏడుస్తూనే ఉంది. రత్నమ్మ ఆమె తెల్లజుట్టు నిమిరింది. నేను వద్దు వద్దని తల ఊపుతూనే ఉన్నాను.

"సెప్తా," అంది.